మిస్టరీయా, రొమాన్సా, సస్పెన్సా: ఈ రాత్రికి ఏ నవల పట్టుకోవాలి?

ఎదురుగా మూడు పుస్తకాలున్నాయి. ఒకదాని అట్ట మీద తాళంచెవి, ఇంకోదాని మీద వీపులు ఆనించి నిలబడ్డ జంట, మూడోదాని మీద చీకట్లో వెలుగుతున్న ఒకే ఒక్క కిటికీ. మూడింటి వెనకా ఒకటే మాట: "మొదలుపెడితే ఆపలేరు." నిజానికి వీటిలో ఒకదాన్ని హాయిగా ఆపి ఆపి చదవచ్చు. ఒకదాన్ని ఆపాలంటే కష్టం. ఇంకోదాన్ని నాలుగు రోజులు ఆపితే మళ్ళీ మొదటికి రావాల్సిందే.

ఈ తేడా తెలియక నేను మంచి నవలలు కొన్ని పాడుచేసుకున్నాను. ఒకసారి తొమ్మిదిమంది అనుమానితులున్న డిటెక్టివ్ నవలను రోజుకు పది నిమిషాల చొప్పున మూడు వారాలు చదివాను. చివర్లో డిటెక్టివ్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, నెమ్మదిగా తిరిగి, హంతకుడి వైపు వేలు చూపించాడు. నాకు ఆశ్చర్యమే వేసింది. కానీ ఆ ఆశ్చర్యం "ఇతనా!" అని కాదు, "ఇతనెవరు?" అని.

తప్పు నవలది కాదు. నా దగ్గరున్న టైమ్ ఒక రకం, ఆ నవల అడిగే టైమ్ ఇంకో రకం. అందుకే "మీకు ఏ జానర్ ఇష్టం?" అన్న ప్రశ్నను ఇప్పుడు నేను రెండో స్థానంలో పెడతాను.

## ముందు ఏం చూసుకోవాలి

మొదటిది, కథను లాక్కెళ్ళే ప్రశ్న. మిస్టరీలో జరగాల్సింది జరిగిపోయింది. ఎవరు చేశారు, ఎలా చేశారు అని వెనక్కి తవ్వుకుంటూ వెళ్తాం. సస్పెన్స్‌లో అసలు ముప్పు ఇంకా ముందుంది. అది మీద పడుతుందా, తప్పుతుందా అని చూస్తుంటాం. రొమాన్స్‌లో ఎవరు ఎవరికి దగ్గరవుతారో దాదాపు మొదటి అధ్యాయంలోనే తెలిసిపోతుంది. అంత మొండి మనుషులు ఎలా దగ్గరవుతారన్నదే కథ.

మిగతావి మన వైపునుంచి చూసుకునేవి. టైమ్ ఒకేసారి దొరుకుతుందా, ముక్కలుగానా? పేర్లు, తేదీలు, ఎవరు ఎక్కడున్నారు లాంటివి గుర్తుపెట్టుకునే ఓపిక ఇప్పుడుందా? ముగింపు బాగుంటుందని ముందే భరోసా కావాలా? చదివాక నిద్ర పట్టాలా?

| చూసుకోవాల్సింది | మిస్టరీ | రొమాన్స్ | సస్పెన్స్ |
|---|---|---|---|
| నడిపించే ప్రశ్న | ఎవరు, ఎలా, ఎందుకు | ఇద్దరూ ఎలా కలుస్తారు | ఇప్పుడేమవుతుంది |
| ముక్కలుగా చదవడం | కష్టం | సులువు | కుదురుతుంది, కానీ ఆపబుద్ధి కాదు |
| గుర్తుపెట్టుకోవాల్సింది | చాలా | తక్కువ | మధ్యస్థం |
| ముగింపు భరోసా | నిజం బయటపడుతుంది | జంట కలుస్తుంది | ఏ భరోసా లేదు |
| ఎవరైనా ముగింపు చెప్పేస్తే | సగం పోయినట్టే | పెద్ద నష్టం లేదు | ట్విస్టు మీద నిలబడ్డదైతే నష్టమే |
| పడుకునే ముందు | ఫర్వాలేదు | బాగుంటుంది | ఆలోచించుకోండి |
| రెండోసారి చదివితే | వేరే రకం ఆనందం | పాత స్నేహితుల్ని కలిసినట్టు | చాలావాటికి పట్టు తగ్గుతుంది |

ఇందులో ప్రతి గడికీ మినహాయింపులున్నాయి. మొదటి వడపోతకు మాత్రం పనికొస్తుంది.

## మిస్టరీ: రచయితతో ఆట

1841లో ఎడ్గార్ అలన్ పో రాసిన ఒక కథను ఆధునిక డిటెక్టివ్ కథలకు మొదలుగా లెక్కేస్తారు. తర్వాత రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఈ కథలు దాదాపు ఒక ఆటలా తయారయ్యాయి. ఆటన్నాక రూల్స్ కావాలి కదా. రొనాల్డ్ నాక్స్ అనే ఆయన, వృత్తిరీత్యా మతగురువు, సరదాకి డిటెక్టివ్ కథలు కూడా రాసేవాడు, 1929లో పది నియమాలు రాసిపెట్టాడు. నేరస్తుడు కథ మొదట్లోనే కనిపించాలి. రహస్య మార్గాలు ఒకటికి మించి ఉండకూడదు. డిటెక్టివే హంతకుడు కాకూడదు. అతనికి దొరికిన ఆధారాలు పాఠకుడికీ చూపించాలి. మంచి రచయితలు వీటిని పాటించారు, ఇంకా మంచి రచయితలు కావాలనే తప్పారు. అగాథా క్రిస్టీ 1926లో వేసిన ఒక నవల ముగింపు న్యాయమా అన్యాయమా అని చదివినవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. ఎందుకో ఇక్కడ చెప్పను. చెబితే అది చదవనివాళ్ళకు నేను చేసే ద్రోహం అంతా ఇంతా కాదు.

ఆట అంటే ఎలాంటిదో ఒక చిన్న నమూనా చూడండి. నవలలో ఇలా ఉందనుకోండి: "గదిలో అంతా చెల్లాచెదురుగా ఉంది. బల్ల మీద తెరిచిన పుస్తకం, తలుపు వెనక తడి గొడుగు, పొయ్యిలో సగం కాలిన ఉత్తరం." మన కళ్ళు ఎక్కడికి పోతాయి? ఉత్తరం మీదికే. సగం కాలిన ఉత్తరాన్ని వదిలి గొడుగు గురించి ఆలోచించేవాళ్ళు ఎవరు? రెండు అధ్యాయాల తర్వాత ఎవరో మాటవరసకు "వారం రోజులుగా చినుకు లేదు" అంటారు. ఆ మాట దగ్గర ఆగి వెనక్కి పేజీలు తిప్పినవాడే ఆట ఆడుతున్నట్టు. ఆధారాన్ని జాబితా మధ్యలో దాచి, చివర్లో తళుకు వస్తువు పెట్టడం ఈ రచయితల పాత ఎత్తుగడ. మోసపోవడంలోనే మజా ఉంది.

ఇక్కడే మిస్టరీ షరతు కూడా ఉంది. ఆ గొడుగు మీకు గుర్తుండాలి. మధ్యలో నాలుగు రోజుల గ్యాప్ వస్తే గొడుగూ పోతుంది, చినుకు మాటా పోతుంది. చివర్లో రచయిత ముడి విప్పినప్పుడు మెచ్చుకోవడానికి మన దగ్గర ఏమీ మిగలదు.

ఒక లోపం కూడా చెప్పాలి. పజిల్ ఎంత బిగువుగా ఉంటే మనుషులు అంత పలచగా ఉండే ప్రమాదం ఉంది. చనిపోయినవాడు చాలా నవలల్లో ఒక సాకు మాత్రమే, అతని కోసం ఎవరూ సరిగ్గా ఏడవరు కూడా. మధ్యలో వరుసగా విచారణలు వచ్చే అధ్యాయాలు కొంతమందికి ఆవలింతలు తెప్పిస్తాయి. నాకు మాత్రం అవే ఇష్టం, ఎవరు ఏ ప్రశ్నకు ఒక్క క్షణం ఆగి జవాబిచ్చారో చూడచ్చు.

మిస్టరీలోనూ రకాలున్నాయి. రక్తం చూడలేనివాళ్ళకు కోజీ మిస్టరీలు ఉన్నాయి. హత్య తెర వెనక జరుగుతుంది, పరిశోధించేది పోలీసు కాదు, ఊళ్ళో అందరి విషయాలూ తెలిసిన ఎవరో ఒకరు. పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలనే ఆసక్తి ఉంటే పోలీసు దర్యాప్తు నవలలు. సాక్ష్యాలు, రిపోర్టులు, పై అధికారుల ఒత్తిడి, తప్పుదారి పట్టిన వారాలు, అన్నీ ఉంటాయి. లోపల గడియ పెట్టిన గదిలో శవం దొరికే కథలు మూడో రకం. వాటిలో ఎవరు అన్నదానికంటే ఎలా అన్నదే పెద్ద ప్రశ్న.

ఇంకో మాట. లైబ్రరీ పుస్తకం తెచ్చుకుంటే మొదటి పేజీల్లో పాత్రల జాబితా ఉందేమో ముందు ఇంకొకరితో చూపించుకోండి. ఒకసారి నేను తెచ్చుకున్న కాపీలో ఎవరో పుణ్యాత్ములు ఆ జాబితాలో ఒక పేరు చుట్టూ పెన్సిల్‌తో గుండ్రం చుట్టి, పక్కన "వీడే" అని రాశారు.

## సస్పెన్స్: తెలిసే భయపడటం

సస్పెన్స్ అంటే ఏమీ తెలియకపోవడం అనుకుంటాం. నిజానికి చాలాసార్లు తెలిసి ఉండటమే సస్పెన్స్. దర్శకుడు హిచ్‌కాక్ దీన్ని ఒక బాంబుతో వివరించాడు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని ఏదో మాట్లాడుకుంటుంటే హఠాత్తుగా కింద బాంబు పేలితే, ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల షాక్. అదే బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చూపించి, ఇద్దరినీ అదే పిచ్చాపాటీ మాట్లాడిస్తే, పదిహేను నిమిషాల టెన్షన్. "మీ మాటలు తర్వాత, ముందు లేవండి" అని అరవాలనిపిస్తుంది.

నవలల్లోనూ అంతే. ఫ్రాన్సిస్ ఐల్స్ పేరుతో 1931లో వచ్చిన ఒక నవలలో, డాక్టరొకడు తన భార్యను చంపాలని నిర్ణయించుకున్నాడని మొదటి వాక్యమే చెప్పేస్తుంది. ఎవరు అన్న ప్రశ్న అక్కడికి ఖతం. అయినా పుస్తకం పక్కన పెట్టలేం. చేస్తాడా? దొరికిపోతాడా? అన్నిటికంటే ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇంకోటి: వాడు దొరక్కూడదని నేనెందుకు అనుకుంటున్నాను?

ఈ రకం నవలలకు జ్ఞాపకశక్తి కంటే గుండెదిటవు ఎక్కువ కావాలి. పాత్రలు తక్కువ, ఒక్కోసారి కథంతా ఒక ఇల్లు, ఇద్దరు మనుషులు, ఒక అబద్ధం. థ్రిల్లర్ అని ముద్రపడేవాటిలో పరుగు, వేట, ప్రపంచాన్ని కాపాడాల్సిన పని లాంటివి ఎక్కువ. ఒట్టి సస్పెన్స్‌లో మెట్ల మీద అడుగుల చప్పుడు చాలు. అట్టల మీద ఈ రెండు మాటలూ కలిపేస్తారు కాబట్టి వెనక రాసిన నాలుగు లైన్లు చదివి, ముప్పు ఎంత పెద్దదో చూసుకోండి.

బలహీనత ఎక్కడంటే ముగింపులో. మూడొందల పేజీలు పెంచిన భయానికి తగ్గ జవాబు చెప్పడం కష్టం. అందుకే చాలామంది ఒక ట్విస్టు వేసి తప్పించుకుంటారు. కథ చెబుతున్న మనిషే మనతో అబద్ధమాడుతున్నాడని చివర్లో తేలడం మొదట్లో కొత్తగా ఉండేది. వరుసగా నాలుగు చదివితే అయిదోదాంట్లో మొదటి పేజీనుంచే చెప్పేవాడిని అనుమానిస్తాం. రెండు సస్పెన్స్‌ల మధ్య ఇంకేదైనా చదవమని నా సలహా.

రాత్రిళ్ళు చదివేవాళ్ళకు ఒక కిటుకు. అధ్యాయం అయిపోయాక ఆపుదాం అనుకోకండి. అధ్యాయం చివరి లైను మిమ్మల్ని తర్వాతి పేజీకి ఈడ్చుకెళ్ళడానికే రాసింది. మధ్యలో, ఎవరో కారు తుడుచుకుంటున్నచోటో, ఫోన్ పెట్టేసినచోటో ఆపండి. నిద్ర పడుతుంది.

పిల్లలకు హాని, నిర్బంధం, ఇంట్లో హింస లాంటివి ఈ జానర్‌లో మామూలు. వాటిలో ఏదైనా మిమ్మల్ని బాధపెట్టేదైతే, ముగింపు తెలిసిపోయినా సరే, ముందే చదివినవాళ్ళను అడిగి తెలుసుకోవడం మేలు.

## రొమాన్స్: తెలిసిన దారే, అయినా

మొదట ఒక గందరగోళం తీర్చాలి. ప్రేమకథ వేరు, జానర్‌గా రొమాన్స్ వేరు. రొమాన్స్ రచయితల సంఘాలు, ప్రచురణకర్తలు పెట్టుకున్న లెక్క ప్రకారం ప్రేమే కథకు కేంద్రం కావాలి, ముగింపు మనసుకు తృప్తినిస్తూ ఆశతో ఉండాలి. జంటలో ఒకరు చనిపోయే నవల ఎంత గొప్పదైనా ఈ షెల్ఫ్‌కు రాదు. కళ్ళు తుడుచుకోవాలని ఉన్న రోజున రొమాన్స్ షెల్ఫ్‌కు వెళ్ళి, తర్వాత "అంతా సుఖాంతమే, ఏముంది ఇందులో" అనడం అన్యాయం.

"ముగింపు తెలిసిపోయాక ఇంకేం చదువుతారు?" అని మిస్టరీ అభిమానులు వెక్కిరిస్తారు. డిటెక్టివ్ నవల చివర్లో హంతకుడు దొరుకుతాడని వాళ్ళకూ తెలుసు కదా. రొమాన్స్‌లో భరోసా ముగింపుకే, దారికి కాదు. ఈ దారి ఎంత చిన్న చిన్న అడుగులతో ఉంటుందో చూడండి. ఇద్దరు నడుస్తున్నారు. ఆమె చేతిలో బరువైన సంచి. అతను అడగకుండా తీసుకుంటాడు. పది అడుగులయ్యాక సంచిని రెండో చేతికి మార్చుకుంటాడు, బరువెక్కువై కాదు, ఆమె నడుస్తున్న వైపు చెయ్యి ఖాళీగా ఉండాలని. ఆమె అది గమనిస్తుంది. ఇద్దరూ దాని గురించి ఏమీ అనరు. నచ్చేవాళ్ళకు ఈ నాలుగు లైన్లు ఒక కారు ఛేజ్‌తో సమానం. నచ్చనివాళ్ళకు ఇక్కడేమీ జరగలేదు. మీరు ఏ వైపో తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

టైమ్ విషయంలో ఇంత దయగల జానర్ లేదు. వారం తర్వాత తెరిచినా ఇద్దరూ అలక మీదే ఉంటారు, అల్లుకుపోవచ్చు. అలసిపోయి ఇంటికొచ్చిన రోజుల్లో, ఆసుపత్రి వరండాలో ఎదురుచూస్తున్నప్పుడు, ఏ పుస్తకమూ ముందుకు సాగని నెలల్లో నన్ను మళ్ళీ చదివించింది రొమాన్సే. ఒప్పుకోవడానికి ఒకప్పుడు సిగ్గుపడేదాన్ని.

మంచిదో చెడ్డదో తేల్చడానికి నా కొలబద్ద ఒక్కటే: ఇద్దరి మధ్య ఉన్న అడ్డు నిజమైనదేనా? కథ ముప్పావు వంతు దాటాక ఒక ఎడబాటు రావడం ఈ జానర్ అలవాటు. ఆ ఎడబాటు ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థమైతే నాకు ఒళ్ళు మండుతుంది. ఇద్దరి కోరికలూ నిజంగానే రెండు దిక్కులకు లాగుతుంటే మాత్రం, ముగింపు తెలిసి కూడా బెంగ పడతాను.

ఏ దినుసు మీకు పడుతుందో కూడా తెలుసుకోవాలి. శత్రువులు ప్రేమికులవడం, ఉత్తుత్తి ప్రేమ నటించి నిజంగా పడిపోవడం, విడిపోయినవాళ్ళకు రెండో అవకాశం, నిదానంగా రాజుకునే స్లో బర్న్, ఇవన్నీ వేరువేరు రుచులు. శృంగార సన్నివేశాలు ఎంతవరకు అన్నది ఇంకో లెక్క. కొన్ని నవలలు పడగ్గది తలుపు దగ్గరే ఆగిపోతాయి, కొన్ని లోపలికి తీసుకెళ్తాయి. అట్ట బొమ్మను బట్టి చెప్పలేం. బొమ్మ ఎంత అమాయకంగా ఉన్నా లోపల ఏమైనా ఉండచ్చు.

## రెండూ కలిసినవి

రొమాంటిక్ సస్పెన్స్ లాంటివి ఒకే టికెట్టు మీద రెండు ఆటల్లా కనిపిస్తాయి. బాగా కుదిరితే అద్భుతం. ప్రేమించిన మనిషినే అనుమానించాల్సి వస్తే ప్రేమా పెరుగుతుంది, భయమూ పెరుగుతుంది. కుదరకపోతే హంతకుడు వెంటాడుతుండగా ఇద్దరూ తీరిగ్గా ముద్దుముచ్చట్లాడుతుంటారు. మొదటి అధ్యాయం ఏ ప్రశ్నతో ముగిసిందో చూడండి. అది "ఇతనెవరు, నాకెందుకు ఇంత చిరాకు?" అయితే రొమాన్స్ పాలు ఎక్కువ. "తలుపు తాళం వేసే వెళ్ళానే!" అయితే సస్పెన్స్.

## కాగితమా, ఫోనా, చెవా?

మిస్టరీకి కాగితం మంచిది, వెనక్కి తిప్పుకోవచ్చు. ఫోన్‌లో చదివితే పాత్ర పేరును వెతికే సదుపాయం ఉంటుంది, నా తొమ్మిదిమంది అనుమానితుల కష్టానికి అదే మందు. కానీ స్క్రీన్ కింద 40 శాతం అని కనిపిస్తుండగా ఎవరినైనా అరెస్టు చేస్తే, వాడు కాదని వెంటనే తెలిసిపోతుంది. ఆడియోలో మిస్టరీ వినడం నావల్ల కాలేదు, పేర్లన్నీ కలిసిపోతాయి. సస్పెన్స్ మాత్రం ఆడియోలో బ్రహ్మాండం, చివరి పేజీలోకి తొంగిచూసే అలవాటున్నవాళ్ళకు మరీను. రొమాన్స్‌కు ఏదైనా ఒకటే.

## ఎవరికి ఏది

చాలాకాలం తర్వాత మళ్ళీ చదవడం మొదలుపెట్టేవాళ్ళకు నేను సస్పెన్స్ ఇస్తాను, చిన్నది, ఒకే ఇంట్లో జరిగేది. పేజీలు తిప్పే అలవాటు మళ్ళీ పట్టించడంలో దానికి సాటి లేదు. రోజూ బస్సులో పావుగంట మాత్రమే దొరికేవాళ్ళకు రొమాన్స్, లేదా పొట్టి డిటెక్టివ్ కథల సంపుటి. ఒక కథ ఒక ప్రయాణానికి సరిపోతుంది. రెండు రోజుల సెలవు, కదిలించేవాళ్ళు లేరు అంటే ఇంకేమీ ఆలోచించకండి, బిగువైన పజిల్ మిస్టరీ. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే నవల చదవాలన్నా అదే, ఎవరి అనుమానం వాళ్ళు చీటీ మీద రాసి మడిచి పెట్టుకోవచ్చు.

మనసు బాగాలేని రోజుల విషయంలో మనుషులు రెండు రకాలు. కొందరికి సుఖాంతం కావాలి. కొందరికి సుఖాంతం చూస్తే ఇంకా దిగులు, వాళ్ళకు హత్యలే ఓదార్పు: ఒక తప్పు జరిగింది, ఎవరో ఓపిగ్గా వెతికారు, లెక్క తేలింది. నిద్రపట్టనివాళ్ళు సస్పెన్స్‌ను పగటికి వాయిదా వేసుకోవాలి.

సిరీస్‌లో అయితే, డిటెక్టివ్ నవలల్లో ఏ కేసుకా కేసు విడిగా ముగుస్తుంది కాబట్టి ఎక్కడ మొదలెట్టినా చాలావరకు నడుస్తుంది. డిటెక్టివ్ సొంత జీవితం కూడా కథలో భాగమైతే మాత్రం మొదటిదే పట్టుకోండి. రొమాన్స్ సిరీస్‌లో ఒక్కో పుస్తకం ఒక్కో జంటది. తర్వాత వచ్చినది ముందు చదివితే పాత జంట పిల్లలతో సహా ఎదురవుతుంది, అంతే.

ఇంకా తేలకపోతే పుస్తకం మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదవండి. మొదటి పేజీని ప్రతి రచయితా చెక్కి పెడతాడు, 140వ పేజీని అలా చెక్కరు. అక్కడ కూడా మాటలు బతికుంటే తీసుకోండి.

ఆ తొమ్మిదిమంది అనుమానితుల నవలను నేను తర్వాత మళ్ళీ చదివాను, రెండు పూటల్లో, పేర్లు రాసిన కాగితాన్ని పేజీల మధ్య పెట్టుకుని. హంతకుడు మూడో అధ్యాయంలోనే ఉన్నాడు. అందరూ మేడ మీదికి పరుగెత్తుతుంటే పక్కకు తప్పుకుని, వాళ్ళకోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. గదిలో దీపం ఎక్కడుందో ఎవరూ చెప్పకుండానే వెలిగించాడు కూడా.